మొదటావిడ జబ్బు

జూన్ 3, సోమవారం

లెక్కల మేష్టారు ఇవాళ మూడోసారి కారు డివైడరు ఎక్కించాడు. రిటైరయ్యేదాకా పిల్లల చెవులు మెలేసిన చెయ్యి, స్టీరింగు మాత్రం తిప్పలేదు. "నేను సరిగ్గానే తిప్పానమ్మా, రోడ్డే వంకరగా ఉంది" అన్నాడు. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంది కాబట్టి ఇద్దరం బతికి బట్టకట్టాం. పదకొండేళ్ళుగా డ్రైవింగు స్కూల్లో నేర్పుతున్నాను. తప్పు నాదేనండీ అన్న మనిషి ఇంతవరకు నా కారెక్కలేదు.

ఒంటిగంటకి క్లినిక్కి వెళ్ళాను. రెండు నెలలుగా నెలసరి కాని రోజుల్లో కూడా మరకలు పడుతున్నాయి. ముఖ్యంగా ఆయన దగ్గరికొచ్చిన మర్నాడు. డాక్టరమ్మ చిన్నపిల్ల. కోటు జేబులో మూడు పెన్నులు, మూడింటికీ మూతల్లేవు, జేబంతా సిరా. ఇలాంటి వాళ్ళ చేతిలో మన ప్రాణాలు.

"చివరిసారి స్మియర్ టెస్టు ఎప్పుడు చేయించుకున్నారు?"

"ఎప్పుడూ లేదు."

"ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాయి కదండీ" అంది, లైసెన్సు గడువు దాటిపోయిన బండిని ఆపినట్టు.

తెర వెనక పడుకోబెట్టి చిన్న బ్రష్షుతో ఏదో తీసుకుంది. తర్వాత ప్రశ్నలు. మీవారు కాక ఇంకెవరైనా, ఇదివరకు ఎప్పుడైనా... నేను మాట పూర్తి కానివ్వలేదు. "నాకు పెళ్ళే ముప్ఫై నాలుగో ఏట అయింది. అంతకుముందు ఏమీ లేదు" అన్నాను.

"తప్పుగా అనుకోకండి. అందరినీ అడుగుతాం."

అందరూ నేనూ ఒకటేనా?

జూన్ 5, బుధవారం

పిల్ల స్కూలు నించి కాగితం తెచ్చింది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలందరికీ టీకా వేస్తారట, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా. తల్లిగానీ తండ్రిగానీ సంతకం పెట్టాలి. నేను తల్లిని కాదు, పిన్నిని, కాబట్టి కాగితం మా ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు చదివాడు. పది లైన్లు లేవు అందులో. చివరికి "వద్దు" అన్న గడిలో టిక్కు పెట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం చేసి, బాల్కనీలోకి వెళ్ళి కుండీలకి నీళ్ళు పోశాడు. ఆ మొక్కలు ఎండిపోయి నెల దాటింది.

ఈలోగా జడ్జిగారికి, అంటే మా అత్తగారికి, వార్త చేరింది. ఫోను. "పెళ్ళి కాని పిల్లకి అదేం టీకా? అది తిరుగుబోతులకి వచ్చే జబ్బు. మనింట్లో ఒకదానికి వచ్చి పోయింది, చాలదా?"

మనింట్లో ఒకదానికి అంటే పిల్ల కన్నతల్లి. మా ఆయన మొదటావిడ. హోటల్లో రిసెప్షనిస్టుగా చేసేది. ఆరేళ్ళ కిందట, ముప్ఫై ఐదేళ్ళకే ఈ క్యాన్సరుతోనే పోయింది. నేను ఆవిణ్ణి చూడలేదు.

"మా క్లాసులో అందరూ వేయించుకుంటున్నారు పిన్నీ" అంది పిల్ల.

"అందరూ గోతిలో దూకితే నువ్వూ దూకుతావా?" అన్నాను. జడ్జిగారి తీర్పుల్లో నాకు నచ్చేవి తక్కువ. ఇది నచ్చింది.

జూన్ 9, ఆదివారం

ఆదివారం మధ్యాహ్నాలు జడ్జిగారింట్లో భోజనం. రెండు వీధుల అవతల. కుర్చీలు ఆరు, ఎవరి కుర్చీ వాళ్ళదే. మొదటావిడ కూచునేదాంట్లో ఇప్పుడు పాత పేపర్ల కట్ట కూచుంటుంది.

ఇవాళ టీకా కాగితం పుణ్యమా అని మళ్ళీ ఆ పురాణం. హోటల్లో వచ్చేపోయే ప్రతివాడికీ పళ్ళు కనపడేలా నవ్వేదట. రాత్రి డ్యూటీలట. "దాని నవ్వే దాన్ని తినేసింది" అంది జడ్జిగారు, కూర వడ్డిస్తూ. వందోసారి వినడం. మా ఆయన తలొంచుకుని తింటున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి అని మా అపార్టుమెంటులో అందరూ మెచ్చుకుంటారు. పెళ్ళాం పరువు తీసినా పల్లెత్తు మాట అనలేదు, దగ్గరుండి సేవ చేశాడు, అంత మంచివాడు అని.

"నువ్వొచ్చాక ఈ ఇల్లు ఒక దారిన పడింది అమ్మాయ్" అంది నాతో.

నేను రెండోసారి కూర వేయించుకున్నాను. బాగుంది.

జూన్ 13, గురువారం

క్లినిక్ నించి ఫోను. రిపోర్టు ఫోన్లో చెప్పరట, రమ్మంటున్నారు. పేరంటానికి పిలిచినట్టు.

జూన్ 14, శుక్రవారం

రిపోర్టు మీద రెండు మాటల కింద ఎర్రగీత. కణాలు మామూలుగా లేవట. హెచ్.పి.వి. అనే వైరస్ పాజిటివ్, పదహారో రకం. వాటిల్లో రకాలు వందకి పైనే ఉన్నాయట, ఇది అన్నిట్లోకీ చెడ్డదట. నాకు దొరికింది మేలురకం.

డాక్టరమ్మ మూతల్లేని పెన్నుతో చీటీ వెనక బొమ్మ గీసింది. సొరకాయ తలకిందులుగా వేలాడదీసినట్టుంది గర్భసంచి. ఆ సొరకాయ మూతి దగ్గర చుక్కలు పెట్టింది. "ఈ క్యాన్సర్ దాదాపు ప్రతిసారీ ఈ వైరస్ వల్లే వస్తుంది. ఇది శారీరక సంబంధం ద్వారా సోకుతుంది. కానీ చాలా మామూలు వైరస్ అండీ. ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ఏడాదికో రెండేళ్ళకో దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం పోదు, చాప కింద నీరులా ఉండిపోతుంది. పదేళ్ళు, పదిహేనేళ్ళు. అలా ఉండిపోయినచోట కణాలు మారడం మొదలవుతుంది."

"నాకు క్యాన్సరా?"

"అని ఈ పరీక్ష చెప్పదు. బుధవారం రండి, లోపలి భాగం దగ్గర్నించి చూసి, చిన్న ముక్క తీసి పంపిస్తాను."

"ఎవరి నించి వచ్చింది?"

"అది ఎవరూ చెప్పలేరండీ. ఎప్పుడొచ్చిందో కూడా చెప్పలేం. ఒక్కరితోనే ఉన్నవాళ్ళకీ వస్తుంది."

ఏడేళ్ళు చదివి డాక్టరయి, చెప్పగలిగిందల్లా చెప్పలేం అని.

ఆ చీటీ చింపేశాను. అది ఆవిడ జబ్బు. నవ్వేవాళ్ళ జబ్బు. నేను నవ్వను. కావాలంటే లెక్కల మేష్టార్ని అడగండి.

జూన్ 15, శనివారం

ఇవాళ మరక లేదు. ల్యాబులో సీసాలు తారుమారు చేసుంటారు.

జూన్ 19, బుధవారం

సీసాలు తారుమారు కాలేదు.

కాళ్ళు పైకి పెట్టించి, దుర్భిణీ లాంటిది పెట్టి చూసింది. ముందు ఏదో ద్రావకం అద్దింది, పచ్చళ్ళలో పోసే వెనిగరు వాసన. అది తగిలితే చెడ్డచోట్లు తెల్లగా తేలతాయట. పక్కన స్క్రీనులో నాకూ చూపించింది. ఎర్రటి చర్మం మీద తెల్లటి మచ్చ, పాలు ఒలికినట్టు. రెండు చోట్ల గిల్లింది. నేను అరవలేదు. నర్సు నా చెయ్యి పట్టుకోబోతే లాక్కున్నాను.

ఆయనతో నడుం నొప్పి అని చెప్పాను. వేడినీళ్ళ సంచి తెచ్చి పెట్టాడు. మంచివాడు కదా.

జూన్ 20, గురువారం

మూడో తేదీన రాసింది అబద్ధం. డాక్టరుకి చెప్పింది సరే, డైరీలో కూడా దాన్నే రాసుకున్నాను.

ఒకతను ఉండేవాడు. మా స్కూలు కార్లు బాగుచేసే మెకానిక్కు. నాకు ఇరవై ఎనిమిది అప్పుడు. రెండేళ్ళు. వర్క్‌షాపు పైన గది, ఇనప మెట్లు, ఎక్కుతుంటే చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకునేదాన్ని. తర్వాత అతను వేరే అమ్మాయిని చేసుకుని ఊరు మారాడు. నేను అతన్ని తల్చుకోను. అంతే.

అంతే అని రాస్తే అయిపోతుందా?

నాలుగేళ్ళుగా జడ్జిగారి బల్ల దగ్గర కూచుని ఒక చచ్చిపోయిన మనిషి నడవడి మీద తీర్పు వింటూ రెండోసారి కూర వేయించుకున్నాను. గురివింద గింజకైనా కింద మాత్రమే నలుపు.

జూన్ 26, బుధవారం

ముక్క తీసిన పరీక్ష రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. దాని గుమ్మం ముందు నిలబడి తలుపు కొడుతున్న దశట. "ఇంకో నాలుగైదేళ్ళు రాకపోయి ఉంటే నేను వేరే మాట చెప్పాల్సొచ్చేది" అంది డాక్టరమ్మ. సన్నటి తీగతో ఆ భాగం తీసేస్తారు. మత్తు అక్కడివరకే. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి.

లేచి వచ్చేయబోయి ఆగాను. "మా ఆయన మొదటి భార్య ఈ క్యాన్సరుతోనే పోయింది" అన్నాను.

పెన్ను కింద పెట్టింది. "ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"నాకు అవసరం అనిపించలేదు."

"మొదటి భార్యకి ఈ క్యాన్సర్ వచ్చినప్పుడు రెండో భార్యకి కూడా వచ్చే అవకాశం మామూలు కన్నా ఎక్కువని కొన్ని పరిశోధనలున్నాయి. మీ విషయంలో అలాగే జరిగిందని నేను చెప్పలేను. మీకు పెళ్ళప్పుడే తెలిసుంటే, పెళ్ళయిన ఏడే పరీక్ష చేయించుకుని ఉండేవారు. అంతవరకు చెప్పగలను."

"మా ఆయన ఒంట్లో ఏమీ లేదే. ఒక్క తుమ్ము కూడా రాదు."

"మగవాళ్ళలో చాలామందికి ఉన్నట్టే తెలీదండీ."

బయటికొస్తుంటే నా ఫైల్లో పిల్ల వయసు చూసి అంది, "మీ అమ్మాయికి టీకా వేయించారా? వచ్చిన జబ్బుకి అది మందు కాదు. రాకముందే అడ్డం పెట్టాలి. పదమూడేళ్ళంటే సరైన వయసు."

చెప్పులు వేసుకుని వచ్చేశాను. పిల్ల నాకేమవుతుందో కూడా దిద్దలేదు.

జూన్ 28, శుక్రవారం

భోజనాల వేళకి స్కూలు కారు తీసుకుని ఆయన షోరూముకి వెళ్ళాను. బాత్రూం టైల్స్ షోరూం. ఆయన ఎవరో దంపతులకి చెప్తున్నాడు, "ఏ మరకా నిలవదండీ, ఒక్క తుడుపుతో పోతుంది." అయ్యేదాకా నిలబడ్డాను.

కారు వెనక సందులో గోడవారగా ఆపాను. ఆయనకి డ్రైవింగు రాదు. నేను స్టీరింగు ముందు, ఆయన రోజూ నేను కూచునే సీట్లో.

"మీ మొదటావిడకి వచ్చిందే నాకూ వచ్చింది. ఇంకా క్యాన్సరు కాలేదు. వచ్చే శనివారం తీసేస్తున్నారు."

ఆయన కాలు ఆ బ్రేకు మీద పడింది. ఆగి ఉన్న కార్లో బ్రేకు తొక్కుతున్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"రెండు వారాలయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆ మాట ఆ నోటితోనే అన్నాడు.

"ఇది ఎలా వస్తుందో మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"అప్పట్నించే. డాక్టరు ఇద్దర్నీ కూచోబెట్టి చెప్పాడు."

"మీరు కంపెనీ తరఫున టూర్లకెళ్ళేవారు కదా."

బ్రేకు తొక్కాడు. వదిలాడు. తొక్కాడు. "మూడు నాలుగు సార్లు. పెళ్ళికి ముందు కూడా... అది వేరు."

"వేరెలా అవుతుంది? ఆవిడకి తెలుసా?"

"నేనే చెప్పాను. హాస్పిటల్లో. బాగా ఏడ్చాను."

చావబోతున్న మనిషి దగ్గర కూచుని ఈయన ఏడ్చాడు. ఆవిడే ఓదార్చి ఉంటుంది.

"ఏమంది?"

"రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, 'ఎవరికీ చెప్పను. మీ అమ్మ ఏమన్నా పడతాను. నువ్వు ఒక్కటి చెయ్యి. పిల్లకి తొమ్మిదేళ్ళు నిండగానే ఆ టీకా వేయించు' అంది. ఒట్టేయించుకుంది."

నువ్వు అనేదట ఈయన్ని. అదొకటి కొత్తగా తెలిసింది. నాకెందుకో ఆ ఒక్క మాటతో మనిషి కళ్ళముందు కనపడింది.

"పిల్లకి తొమ్మిది నిండి నాలుగేళ్ళయింది."

"తెలుసు."

"మొన్న కాగితం వస్తే వద్దని టిక్కు పెట్టారు."

"వేయిస్తే అమ్మ ఎందుకని అడుగుతుంది. ఏం చెప్పను?"

"నన్ను ఒక్కసారి పరీక్ష చేయించుకోమని అనలేకపోయారా?"

"నువ్వూ ఎందుకని అడుగుతావు కదా."

ఆ "ఎందుకు" అన్న ఒక్క మాట వినాల్సొస్తుందని ఇద్దరు ఆడవాళ్ళనీ ఒక పిల్లనీ వదిలేశాడు. దుర్మార్గుడైతే తిట్టచ్చు. తాగుబోతైతే తన్నచ్చు. ఈ మెత్తటి మనిషిని ఏం చెయ్యాలి? పరుపుని కొడితే చెయ్యి నొప్పి, దుమ్ము మనకే.

"దిగండి. లంచ్ టైం అయిపోతోంది" అన్నాను.

జూన్ 29, శనివారం

మెకానిక్కు సంగతి నేనూ ఆయనకి చెప్పలేదు. పిరికివాడు ఆయన ఒక్కడే ఏమీ కాదు.

జులై 6, శనివారం

తీసేశారు. హాస్పిటల్లో పావుగంట పని. కాలిన వాసన వచ్చింది, నాదే. పై లైటులో ఒక దోమ చచ్చి అతుక్కుని ఉంది, దాన్ని చూస్తూ ఉన్నాను. నర్సు చెయ్యి ఈసారి లాక్కోలేదు.

ఆయన బయట కూచుని ఉన్నాడు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఫొటోకి కూచున్నట్టు. దారిలో "నొప్పిగా ఉందా?" అని నాలుగుసార్లు అడిగాడు. ఐదోసారి అడగకుండా నేను చూసిన చూపు సరిపోయింది.

నాకు నడుం నొప్పి, వారం సెలవు అని జడ్జిగారికి చెప్పాం.

జులై 8, సోమవారం

పడుకుని ఉంటే పిల్ల స్కూలు నించి వచ్చి మంచం పక్కన నిలబడింది. "నడుంనొప్పికి హాస్పిటల్లో ఆ ఫ్లోరుకి వెళ్ళరు పిన్నీ" అంది. హాస్పిటలు చీటీ చూసినట్టుంది. ఏ ఫ్లోరో అది మర్చిపోదు. ఏడేళ్ళప్పుడు ఆ కారిడార్లోనే హోంవర్కు చేసుకునేదట.

"నువ్వు కూడా పోతావా?" అంది. మామూలుగా, ఎన్నింటికి వస్తావని అడిగినట్టు.

పోను అన్నాను. నమ్మలేదు. లేచి కూచుని మొత్తం చెప్పాను, నా జబ్బు వరకు. టీకా అంటే ఏంటో చెప్పాను. వాళ్ళమ్మ దాని గురించి ఏం అడిగి వెళ్ళిందో చెప్పాను. వాళ్ళ నాన్న సంగతి చెప్పలేదు. అది చెప్పాల్సిన నోరు వేరే ఉంది, ఉంటే.

జులై 12, శుక్రవారం

తీసిన ముక్క అంచుల్లో ఏమీ లేదు. శుభ్రం. ఆరు నెలలకి మళ్ళీ చూపించుకోవాలి, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి. డాక్టరమ్మ నాకన్నా ఎక్కువ సంబరపడింది. పెన్ను మళ్ళీ కారింది.

చిన్నపిల్ల అని రాశాను మొదటి రోజు. సరే.

జులై 14, ఆదివారం

జడ్జిగారి బల్ల. నలుగురం. పిల్ల స్కూల్లో ఎవరో టీచరు తన కళ్ళజోడు నెత్తి మీదే పెట్టుకుని గంటసేపు వెతికిన సంగతి చెప్పి నవ్వింది. నిజంగా నవ్వింది, కుర్చీ వెనక్కి ఒరిగేలా. నేను వచ్చాక అది అలా నవ్వడం చూడలేదు.

జడ్జిగారు గరిటె ఆపింది. "అచ్చం దాని నవ్వే. దీంతో జాగ్రత్తగా ఉండాలి."

పిల్ల నవ్వు ఆపేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆయన తలొంచుకున్నాడు. జగ్గులో నీళ్ళయిపోయాయని పిల్ల లేచి వంటింట్లోకి పోయింది.

నేను ఏమీ అనుకుని వెళ్ళలేదు. అనుకుని వెళ్ళుంటే ఇంకా బాగా మాట్లాడేదాన్ని.

"నాకూ అదే వచ్చింది అత్తయ్యా."

"ఏది?"

"మొదటావిడకి వచ్చింది. ముందే దొరికింది, తీసేశారు. సెలవు పెట్టింది దానికే. నడుంనొప్పి లేదు, ఏమీ లేదు."

నన్ను కింద నించి పైదాకా చూసింది. మొన్నటిదాకా ఇల్లు దారిన పెట్టిన కోడల్ని. "అయితే నువ్వు కూడా..."

"నేను కూడా. పెళ్ళికి ముందు ఒకతను ఉండేవాడు, రెండేళ్ళు. అతన్నించి వచ్చిందో మీ అబ్బాయి నించి వచ్చిందో డాక్టరుకే తెలీదు. ఎవరికైనా రావచ్చట. తిట్టాలనుంటే నన్ను తిట్టండి, నేను ఎదురుగా ఉన్నాను, జవాబు చెప్తాను. పోయినావిడ ఎలా చెప్తుంది?"

ఆయన తలెత్తి నా వంక చూశాడు. ఇనప మెట్ల సంగతి ఆయనా ఇప్పుడే వినడం. కోపం వస్తుందేమోనని చూశాను. కోపానికి కూడా కొంచెం మనిషి కావాలి. ఇంక లేచి చెయ్యి కడుక్కుంటాడనుకున్నాను.

"పిల్ల తల్లి కాదమ్మా" అన్నాడు. "నేను. టూర్లలో. తను ఏ తప్పూ చెయ్యలేదు."

పది మాటలు లేవు. ఆరేళ్ళు పట్టింది.

జడ్జిగారు ఏడుస్తుందనుకున్నాను. కాదు, అరుస్తుందనుకున్నాను. కూరగిన్నె మీద మూత పెట్టి, సరిగ్గా కూచుందో లేదో ఇటూ అటూ తిప్పి చూసి, "తెలుసు" అంది.

"ఏం తెలుసు?" అన్నాను.

"వాడి టూర్ల సంగతి. తిరిగొచ్చాక పెట్టె సర్దింది ఎవరనుకున్నావ్? అది అలాంటిది కాదనీ తెలుసు."

"మరి ఇన్నేళ్ళూ?"

"ఎవరో ఒకరి మీద పడాలి కదా అమ్మాయ్. నలుగురూ అడుగుతారు. వీడు బతికున్నవాడు, తలెత్తుకు తిరగాలి. పోయినదానికి ఏం నష్టం?"

ఎంత తేలిగ్గా అందో. మార్కెట్లో సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నట్టు. నేను ఈవిణ్ణి మూర్ఖురాలనుకున్నాను ఇన్నాళ్ళూ. తెలీక తిడుతోంది, పాత కాలపు మనిషి అని. మూర్ఖత్వం అయితే ఎంత బాగుండేది.

పిల్ల వంటింటి గుమ్మంలో ఉంది. జగ్గు నిండా నీళ్ళు. ఎప్పట్నించి నిలబడిందో, చేతులు ఎర్రగా అయిపోయాయి. మొదట జడ్జిగారే చూసింది. జీవితంలో మొదటిసారి ఆవిడ దగ్గర తీర్పు లేదు. "అది కాదే తల్లీ..." అని ఆగింది.

పిల్ల వచ్చి జగ్గు బల్ల మీద పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు.

"ఇంటికెళ్దాం పిన్నీ" అంది.

వాళ్ళ నాన్న కూడా లేచాడు. దాని వెనక నాలుగడుగులు వేసి, తల్లి వంక చూసి, మళ్ళీ దీని వంక చూసి, మధ్యలో నిలబడిపోయాడు. మేం ఆగలేదు.

జులై 16, మంగళవారం

ఆయన హాల్లో పడుకుంటున్నాడు. నేను పొమ్మనలేదు. వెళ్ళాడు. వెళ్ళమన్నారనుకుని వెళ్ళేవాళ్ళకి చెప్పక్కర్లేదు. పిల్ల టీకాకి క్లినిక్ వాళ్ళిచ్చిన ఫారం బల్ల మీద పెడితే సంతకం పెట్టాడు. ఈసారి అక్షరాలు ముత్యాల్లా లేవు.

నేను ఉంటానో వెళ్ళిపోతానో ఇంకా తెలీదు. పిల్ల నా పిల్ల కాదు, తీసుకెళ్ళే హక్కు లేదు. వదిలి వెళ్ళే ధైర్యమూ లేదు. ఇది ప్రేమ అని రాయను. నాకు ఆ మాట రాయడం చేతకాదు.

లెక్కల మేష్టారు ఇవాళ డివైడరు ఎక్కించకుండా మలుపు తిప్పాడు. "చూశారా, రోడ్డు సరిచేసినట్టున్నారు" అన్నాను. అర్థం కాలేదు ఆయనకి, సంతోషించాడు.

జులై 18, గురువారం

టీకా అయింది. పిల్ల ఎడమ చెయ్యి. సూది వంక చూడనంది, తీరా వేసేప్పుడు కళ్ళు తిప్పకుండా చూసింది. పావుగంట కూచోమన్నారు, కళ్ళు తిరుగుతాయేమోనని. బెంచీ మీద కూచున్నాం. పక్కన ఒక తల్లి తన కూతురికి "ఇది జలుబు రాకుండా" అని చెప్తోంది. ఆ తల్లిని తిట్టుకోబోయి మానుకున్నాను. నేనేం చెప్పేదాన్నో నాకు తెలుసు.

"నీకు పూర్తిగా తగ్గిపోయిందా?" అంది పిల్ల.

"తీసేశారు. చూపించుకుంటూ ఉండాలి."

"అమ్మకి ముందే చూసుంటే?"

"బతికేది."

చేతి మీద దూది నొక్కుకుంది.

"నాన్నకి ఏమీ కాలేదు కదా."

"లేదు."

"ఏమీ కాదా?"

"మగవాళ్ళలో ఎక్కువమందికి ఏమీ కాదు. మీ నాన్నకీ కాలేదు."

"అదే బాలేదు" అంది.

బాలేదు అన్నాను నేను కూడా. ఇంకేం అంటాం.

నర్సు వచ్చి రెండో డోసు తేదీ రాసిన కార్డు ఇచ్చింది. జనవరిలో. "నాన్నగారికి చెప్పి ఇంట్లో జాగ్రత్తగా పెట్టించమ్మా" అంది. నేను తీసుకోబోయేలోగా పిల్ల అందుకుంది. రెండువైపులా చదివి, మడత పడకుండా లెక్కల నోట్సులో పెట్టి, నోట్సు బ్యాగులో పెట్టి, జిప్పు లాగింది.

"నా దగ్గరే ఉంటుంది" అంది. "నాన్నకివ్వకు."